అలాగే అన్న రాజు

నదికి ఈవలి ఒడ్డున ఒక రాజు ఉండేవాడు. మంచివాడే. ఎవరేమడిగినా "అలాగే" అనేవాడు. కాలువ తవ్వించమంటే అలాగే, వంతెన కట్టించమంటే అలాగే, దారిలో ముళ్ళకంపలు కొట్టించమన్నా అలాగే. అడిగినవాళ్ళు దండం పెట్టి నవ్వుమొహాలతో వెళ్ళేవాళ్ళు. ఆ నవ్వులు చూసి రాజు మురిసిపోయేవాడు. ఆ తర్వాతి సంగతులు ఎవరూ ఆయన చెవిన వెయ్యలేదు.

అవతలి ఒడ్డున పండితుల ఊరు ఉంది. వాళ్ళంతా కూడబలుక్కుని రాజుకి 'వాగ్దానధీర' అని బిరుదు ఇద్దామనుకున్నారు. ఆడిన మాట తప్పనివాడని దానర్థం. పొద్దు వాలే వేళకి ముహూర్తం పెట్టి, రమ్మని కబురు చేశారు. రాజు అలాగే అన్నాడు.

రాజుగారి పడవకి ముందు సింహం తల, వెనక నెమలి తోక, రెండు పక్కలా ఇత్తడి గంటలు ఉంటాయి. ఆ రోజు వాటి మీద పూలదండలూ అరటిబోదెలూ కూడా కట్టారు. ఇంకా రాజు ఎక్కనేలేదు, ఆ బరువుకే పడవ రేవులోనే నిదానంగా నీళ్ళలో కూర్చుండిపోయింది. సింహం మూతి ఒక్కటే పైన మిగిలింది.

రేవులో ఇంకొక పడవ ఉంది. అది నూకాలుది. నూకాలు మగడు పోయాక గెడ తనే పట్టి, జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటిస్తోంది. పడవ అంచున కాళ్ళు వేలాడేసుకుని వేయించిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటోంది. రాజుని చూసి గబుక్కున లేచి నిలబడింది.

"పడవ తియ్యి. రాజుగారు అవతలికి వెళ్ళాలి" అన్నాడు మంత్రి.

"ఇప్పుడు తియ్యలేనండి. మంగాయత్త రావాలి."

"ఆవిడెవరు?"

"కుండలమ్ముకునే ముసలామండి. మాది ఒకటే ఊరు, అవతలొడ్డు. పొద్దున్నే సంతకని వచ్చింది. నువ్వొచ్చేదాకా పడవ తియ్యనత్తా అని చెప్పానండి."

"మమ్మల్ని దించి వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళు."

"ఏటికి ఎదురు వచ్చేసరికి చీకటి పడిపోద్దండి. చీకట్లో ఈ సుడుల్లో పడవ నడపరాదు. అత్త రాత్రంతా ఈ ఇసకలో ఉండిపోవాలి."

"ఇసకలో ఎందుకు? కోటలో హంసతూలికా తల్పం మీద పడుకోబెడతాం!"

నూకాలు కాసేపు ఆలోచించింది. "మంచిదేనండి. ఆ మాట అత్తతో అనండి. సరే అందంటే ఈ క్షణమే తీస్తాను. మాట ఇచ్చింది ఆవిడకి కదండీ, వదిలెయ్యాల్సింది కూడా ఆవిడే."

మంత్రికి ఒళ్ళు మండింది. రేపటినుంచి ఈ రేవులో నీ పడవ కనబడదన్నాడు. నూకాలు గెడ చేతిలోకి తీసుకుంది.

"పడవ తీసుకోండయ్యా. రేవు మీది, ఏరు మీది. నేను అడ్డం రాను. మాట ఒక్కటే నాది" అని గెడ ఇసకలో పాతి, పక్కకి తప్పుకుంది.

ఇంకేం, గొడుగు పట్టేవాడు గెడ అందుకున్నాడు. రాజూ మంత్రీ ఎక్కి కూర్చున్నారు. పడవ ఒడ్డు నుంచి నాలుగు బారలు వెళ్ళి, అక్కడ ఎడమకి తిరిగింది, తర్వాత కుడికి తిరిగింది, తర్వాత తిరగలిలా తనచుట్టూ తనే తిరిగింది. రాజుకి ఒకసారి కోట కనిపించింది, ఒకసారి పండితుల ఊరు కనిపించింది, మళ్ళీ కోట కనిపించింది. చివరికి ఏరే జాలిపడ్డట్టు పడవని తెచ్చి ఒడ్డుకే నెట్టేసింది.

రాజు పడవ దిగి, కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, ఇసకలో చతికిలబడ్డాడు. ఆయన ఇంతవరకూ ఎవరికోసమూ ఎదురుచూడలేదు. ఎలా చూడాలో కూడా తెలియదు. కాసేపు నదిని చూశాడు. కాసేపు గవ్వలు ఏరాడు. నూకాలు దోసెడు శెనక్కాయలు తెచ్చి ముందు పోసింది. ఒలుచుకు తింటే బాగానే ఉన్నాయి.

"ఆవిడ రాకపోతే ఏం చేస్తావు?" అని అడిగాడు.

"రాకపోతే అది అత్త తప్పండి. నేను ఉండకపోతే నా తప్పు. ఆవిడ తప్పు సంగతి నాకెందుకండీ?"

రాజు తింటున్నవాడల్లా ఆగాడు. మంత్రిని దగ్గరికి పిలిచాడు.

"మంత్రీ, నేను ఇచ్చి నిలబెట్టుకున్న మాట ఒకటి చెప్పు."

"ఒకటేమిటి ప్రభూ, ఎన్ని లేవు!"

"ఒకటి చెప్పు చాలు."

మంత్రి కిరీటాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కాలువ తవ్వించామా?" అన్నాడు రాజు.

"కొలతలు తీస్తున్నారు ప్రభూ."

"ఈ ఏటి మీద వంతెన?"

"రాళ్ళు చూస్తున్నారు."

"ముళ్ళకంపలు?"

"ప్రభూ, తమరు మాట తప్పలేదు. చెల్లించే రోజు ఇంకా రాలేదు, అంతే."

రాజుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే చేతిలో మిగిలిన శెనక్కాయలు ఇసకలో పెట్టేశాడు.

పొద్దు తాటితలల మీదికి దిగింది. అప్పుడు గట్టు మీద ముసలమ్మ కనబడింది. పది అడుగులు వేస్తుంది, నెత్తిన ఉన్న గంప దించుతుంది, ఆయాసం తీర్చుకుంటుంది, మళ్ళీ ఎత్తుకుంటుంది. గంపలో రాతి తిరగలి ఉంది.

"ఇంకా ఉన్నావుటే?" అంది మంగాయమ్మ దగ్గరికొచ్చి. "ఈ మాయదారి రాయి కొన్నాను, అడుగు పడలేదు. వెళ్ళిపోయుంటావనుకున్నా."

"ఎలా వెళ్తానత్తా?" అంది నూకాలు. ఆ ముచ్చట అక్కడితో అయిపోయింది.

తిరగలి ఎక్కేసరికి పడవ బాగా కిందికి దిగింది. ఇంకొక్క మనిషికే చోటుంది. మంత్రి, గొడుగు, కిరీటం ఒడ్డునే ఉండిపోయాయి. రాజు ముసలమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఆమెకి కళ్ళలో పొరలు. పట్టుబట్టల మెరుపు మాత్రం ఆనింది.

"ఏదో పెళ్ళికి బయల్దేరినట్టున్నావు నాయనా."

"అలాంటిదే అవ్వా."

"నడుం పడిపోయింది. ఒడ్డు దిగాక ఈ గంప కాస్త మా ఇంటిదాకా చేరుస్తావా?"

"అలాగే" అన్నాడు రాజు.

గెడ వేస్తున్న నూకాలు వెనక్కి తిరిగింది. "మాట ఇస్తున్నారా, ఊరికే అంటున్నారా?"

"రెండింటికీ తేడా ఏమిటి?"

"మొయ్యాల్సొచ్చినప్పుడు తెలుస్తుందండి."

రాజు తిరగలి వైపు చూశాడు. అది నిజంగానే పెద్దది.

అవతలి రేవులో బాజాలు లేవు, హారతులు లేవు. పందిట్లోంచి గారెల వాసన మాత్రం గుప్పున వస్తోంది. భోజనాలు నడుస్తున్నాయి. ముసలమ్మ పడవ దిగి, దారి తడుముకుంటూ ముందు నడిచింది. రాజు గంప నెత్తిన పెట్టుకున్నాడు. మెడ భుజాల్లోకి దిగిపోయినట్టయింది.

చెయ్యి కడుక్కోడానికి రేవుకి వచ్చిన పండితుడొకడు ఆయన్ని పోల్చుకుని కొయ్యబారిపోయాడు.

"మహారాజా! ముహూర్తం దాటిపోతోందని, తమ చిత్రపటానికి దండ వేసి బిరుదు చదివేశామండి. తప్పయిపోయింది. రండి, వేదిక మీద మళ్ళీ మొదటినుంచి..."

"వద్దు" అన్నాడు రాజు. "పటానికే ఉంచండి. దానికది సరిగ్గా సరిపోతుంది. పాపం, ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు."

"మరి తమరు? ఆ గంపేమిటి? వడ్డన కూడా అవుతోంది..."

"నాకు పనుంది" అని రాజు ముందుకి నడిచాడు. గారెల వాసన పందిరి దాటాక కూడా చాలాదూరం వెంటవచ్చింది.

"ఇంకెంత దూరం అవ్వా?"

"ఇదిగో, ఇంతే."

రెండు వీధులు దాటారు. కొబ్బరితోట దాటారు. అడిగినప్పుడల్లా "ఇదిగో, ఇంతే" అంటోంది ముసలమ్మ. రాజు ఒకచోట గంప దించి, చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. పట్టుబట్ట మట్టి కొట్టుకుపోయింది. నెత్తి మండుతోంది. ఇక్కడ వదిలేసి వెళ్ళిపోతే చూసేవాళ్ళెవరూ లేరు. ఆమెకి సరిగ్గా చూపే లేదు. రాజు రెండు వైపులా చూశాడు. ఒక నిట్టూర్పు విడిచి, గంప మళ్ళీ ఎత్తుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు వచ్చింది. రాజు తిరగలి అరుగు మీద దించి, నడుం పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. ముసలమ్మ దాన్ని చేత్తో తడిమి చూసుకుని మురిసిపోయింది.

"చల్లగా ఉండు నాయనా. దీనికి తోడు సన్నికల్లు కూడా ఒకటి బేరమాడి వచ్చాను. రేపు తెచ్చుకోవాలి. రేపు కూడా రేవుకి వచ్చి సాయం పడతావా?"

రాజు నోరు అలవాటుగా తెరుచుకుంది. మాట పెదవి దాకా వచ్చింది. ఆయన దాన్ని అక్కడే ఆపి, రేపటి గురించి ఆలోచించాడు. ఇంతకుముందెప్పుడూ ఆయన మాటకి ముందు ఆలోచన నడవలేదు. రేపు కాలువ కొలతలు తెప్పించి చూడాలి. వంతెన రాళ్ళ సంగతి తేల్చాలి. ముళ్ళకంపల దగ్గరికి స్వయంగా వెళ్ళాలి.

"రాలేను అవ్వా" అన్నాడు. అనేసి, ఆమె మొహం చిన్నబోతుందేమోనని భయపడ్డాడు.

ముసలమ్మ చిన్నబోలేదు. "సరే, అయితే ఇంకెవరినైనా చూసుకుంటాలే. ఇలా కూర్చో, మజ్జిగ తాగి వెళ్ళు" అని లోపలికి వెళ్ళింది.

రాజు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆయన చుక్క మిగల్చకుండా తాగాడు.

ఎదురింటావిడ గడపలోంచి తొంగిచూసింది. "ఎవరు మంగాయమ్మా ఆ మనిషి?"

"ఎవరో ఏమో, పేరు కూడా అడగలేదే" అంది ముసలమ్మ. "రేపు రానన్నాడు. నమ్మదగ్గ మనిషిలాగే ఉన్నాడు."