గవరమ్మ నేరానికి చాటింపు

నోరు విప్పే హక్కు అందరికీ ఉందని ఆ రాజ్యంలో శాసనమే ఉంది. దాన్ని వాడుకున్నవాళ్లకు మాత్రం బహిష్కారం. చాపలల్లే గవరమ్మ సంతలో ఉన్నమాట అనేసింది: "పొలాలు ఎండబెట్టి కాలవ నీళ్లు రాజుగారి పూలతోటకు మళ్లించారు." మర్నాడే ఆమెను కొలువులో నిలబెట్టారు.

"రాజనింద! పొద్దుగూకేలోపు ఊరు వదిలిపో," అన్నాడు మంత్రి వీరభూపతి, మీసం దువ్వుతూ.

"చిత్తం దొరా. మరి ఆచారమో? నేరమేమిటో వీధివీధినా డప్పు కొట్టి చాటందే ఎవర్నీ వెళ్లగొట్టరు కదా! సంతలో నా మాట పదిమందే విన్నారు. ఇక సర్కారు డప్పే ఊరంతటికీ వినిపిస్తుంది."

మీసం మీద చెయ్యి ఆగిపోయింది. "ఏదో కానిమాట అన్నదని చాటిస్తాం!"

"కానివ్వండి బాబూ. నేనన్నది ఒక్కటే. అదేమిటో చెప్పకపోతే జనం వంద ఊహిస్తారు. వాటిలో తమరి పేరూ ఉండొచ్చు."

కొలువులో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మంత్రి గవరమ్మను వదిలేసి, ఎందుకైనా మంచిదని వెంటనే చాటింపు వేయించాడు: "చాపల గవరమ్మ కాలవ గురించి ఏమీ అనలేదహో!"

పొద్దుగూకేసరికి ఊరు ఊరంతా పలుగూ పారా పట్టుకుని కాలవగట్టు మీద ఉంది, నీళ్లెటు పోతున్నాయో ఊరికే చూసి పోదామని.