ఇంటికి తిరిగొచ్చిన గంప

అనగా అనగా, గడియారం అనేది ఒకటి ఉంటుందని ఎవరికీ తెలియని కాలంలో, జనం తమ నీడను చూసి పొద్దు చెప్పుకునే రోజుల్లో, ఎర్రనేలల సీమలో మిద్దెలపాడు అని ఒక ఊరు ఉండేది.

ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు. మిద్దె అంటే ఇప్పటి పిల్లలకు ఏం తెలుసు పాపం! చదునైన మట్టి కప్పు ఉన్న ఇల్లు. ఎండాకాలం రాత్రి పక్కలు దాని మీదే, పగలు మిరపకాయలూ దాని మీదే. ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దె మీదికి కాలు చాపుకుంటూ పోతే ఊరంతా చుట్టి రావచ్చు. ఆ ఊళ్ళో వీధిన నడిచేవి ఎద్దులూ కొత్తల్లుళ్ళూ మాత్రమేనని మా అవ్వ నవ్వేది.

ఆ ఊళ్ళో బయ్యన్న, ఓబులమ్మ అనే ఆలుమగలు ఉండేవారు. వాళ్ళకున్నదల్లా ఒక్క ఎకరం చేను, చేని మూల ఒక మోటబావి. బయ్యన్న మోట తోలితే ఓబులమ్మ మళ్ళకు నీళ్ళు పారగట్టేది. వంగ, బెండ, గోరుచిక్కుడు, ఏది వేసినా విరగకాసేది. పంటకు ఏనాడూ కొదవలేదు. కొదవంతా చేతికి వచ్చే డబ్బుకే. ఎందుకో చెబుతాను వినండి.

ఊరికి కాస్త దూరంలో ఉన్న పాత కోట కింద వారానికొకసారి సంత జరిగేది. ఆ సంత అందం ఏమని చెప్పను! ఒకవైపు బెల్లం దిమ్మెల వాసన, ఒకవైపు కొత్త చాపల వాసన, నడుమ గాజుల మలారాల గలగల. అలాంటి సంతలు నా చిన్నతనంలో ఇంకా ఒకటీ అరా మిగిలి ఉండేవి. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది.

ఆ సంతలో కూరగాయలు గంపలకు గంపలు కొనేవాడు ఒక్కడే. వాడి పేరు వేంగళయ్య. మాట తేనె, బేరం వేపకాయ. పొద్దున్నే వచ్చి గంపలన్నీ చూసి, "ఆహా, ఏం సరుకు, ఏం సరుకు!" అని మెచ్చుకుని, పోయి పందిరి కింద తమలపాకులు నములుతూ కూర్చునేవాడు. పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు.

ఎందుకు లేవాలి? ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. సంతకు పోయిన సరుకు మళ్ళీ గడప తొక్కకూడదు. తొక్కితే ఆ ఇంటి లక్ష్మి అలిగి వెళ్ళిపోతుంది. ఈ మాట ఎప్పుడు పుట్టిందో, ఎవరు పుట్టించారో తెలియదు. కొనేవాళ్ళే పుట్టించారేమోనని మీకు అనుమానం వస్తే, నాకూ అదే అనుమానం.

ఒక సంతకు బయ్యన్న వంకాయలు తీసుకుపోయాడు. నిగనిగలాడే నల్లవంకాయలు. పొద్దు వాలింది. అప్పుడు వచ్చాడు వేంగళయ్య.

"ఏం బయ్యన్నా, మొగం వాడిపోయినట్లుందే! నీది గాదులే అప్పా, వంకాయలది" అని నవ్వి, తనకు తోచింది చేతిలో పెట్టి గంప కుమ్మరించుకుపోయాడు. ఆ డబ్బు మోటకు తాడు కొనడానికి కూడా చాలలేదు.

ఇంకో సంతకు బెండకాయలు తీసుకుపోయాడు. వేళ్ళు విరిచినట్టు పుటుక్కున విరిగే లేత బెండకాయలు. ఎండకు ఎండి ఎండి అవీ సోలిపోయాయి. అప్పుడూ అదే నవ్వు, అదే బేరం.

బయ్యన్న ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"చేను అమ్మేద్దామే. వేంగళయ్య ఎప్పట్నుంచో అడుగుతానే ఉండాడు. వచ్చే సంత గూడా ఇట్లనే అయితే ఆయన చేతిలో పెట్టేసి, పట్నంలో కూలికి పోదాం."

ఓబులమ్మ గుండె చెరువైంది. ఆ చేను ఒకప్పుడు ఒట్టి రాళ్ళగుట్ట. ఆమె అత్త తన వయసంతా ఖర్చుపెట్టి, రాయి రాయి ఏరి గట్టున పేర్చి, దాన్ని చేను చేసింది. అలాంటి నేలను వదిలి పరాయి ఊళ్ళో పరాయి వాళ్ళ రాళ్ళు మోయడమా! ఆమె కళ్ళు తుడుచుకుని, "ఈ తూరి సంతకు నేను పోతా" అంది.

మూడో సంతకు గోరుచిక్కుళ్ళు నెత్తిన పెట్టుకుని ఓబులమ్మే పోయింది. పొద్దంతా కూర్చుంది. పొద్దు వాలింది, వేంగళయ్య వచ్చాడు, ధర చెప్పాడు.

"చాలదు సామీ" అంది ఓబులమ్మ.

"చాలకపోతే ఏం జేస్తావమ్మా? ఇంటికి మోసకపోతావా?" అన్నాడు వేంగళయ్య. చుట్టూ ఉన్నవాళ్ళందరూ గొల్లున నవ్వారు.

"మోసకనే పోతా."

సంత సంతంతా నోరు తెరిచింది. గంప ఎత్తడానికి ఒక్కరూ చెయ్యి వేయలేదు. ఓబులమ్మ గంపను ముందు మోకాలి మీదికి, మోకాలి మీదినుంచి భుజం మీదికి, భుజం మీదినుంచి నెత్తి మీదికి తానే ఎత్తుకుని, వెనక్కి చూడకుండా నడిచింది.

ఆమె ఊరు చేరకముందే కబురు చేరింది. పక్కింటి సుంకులవ్వ మిద్దె మీద నిలబడి, "ఓసి నీ పాసుగూలా! లచ్చిమిని ఎళ్ళగొట్టినావు గదే! మా మిద్దె మీద కాలు పెట్టొద్దు పో!" అని శాపనార్థాలు పెట్టింది. బయ్యన్న కూడా "ఏం పని జేసినావే!" అన్నాడు.

"లచ్చిమి అలిగితే నేను బతిమాలుకుంటా లేయ్యా. చేను పోతే ఎవుర్ని బతిమాలుకోవల్ల?" అంది ఓబులమ్మ. బయ్యన్న పోయి కట్టెలు తెచ్చి పొయ్యి దగ్గర పడేశాడు.

ఆమె కొంగు బిగించి పొయ్యి రాజేసింది. పెద్ద కాగులో ఉప్పునీళ్ళు మరిగించి, గోరుచిక్కుళ్ళు అందులో ఒక పొంగు రానిచ్చి, వార్చి, తెల్లారగానే మిద్దె మీద చాపలేసి ఆరబోసింది. ఒరుగులు! ఎండబెట్టి దాచుకునే కూరలన్నమాట. ఆ ఊళ్ళో అవి తెలియనిది ఎవరికి? ప్రతి ఇంట్లోనూ చారెడు చేసుకుని, వానాకాలం పప్పులోకి వేయించుకునేవారే. గంపెడు చేసి అమ్ముకోవచ్చని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఒకనాడు ఎండింది, రెండోనాడు ఎండింది. ఇంకొక్క ఎండ తగిలితే గలగలలాడతాయి. సరిగ్గా మూడోనాడు, ఎక్కడినుంచి వచ్చిందో ఒక కారుమబ్బు కోట మీదినుంచి దూసుకొచ్చింది. తడిస్తే అంతా బూజే. ఆలుమగలు ఇద్దరూ ఏ చాప అని చుట్టగలరు?

అప్పుడు పక్క మిద్దె మీదినుంచి ఒక ముసలికాలు ఇటు పడింది. సుంకులవ్వ!

"పెద్దల మాట పెద్దలదే, వాన మాట వానదే. ఏం జూస్తావే, చాప పట్టు!" అని అరిచింది. ఆ అరుపుకు ఆ మిద్దె నుంచీ ఈ మిద్దె నుంచీ ఆడవాళ్ళందరూ చీరలు ఎగదోపుకుని దూకారు. చివరి చాప ఇంట్లోకి చేరిన తర్వాతే మొదటి చినుకు పడింది. ఆ రోజుల్లో ఇరుగుపొరుగంటే అదీ. నోటితో తిట్టేవారు, చేత్తో ఆదుకునేవారు.

చేనిలో మిగిలిన కాపు కూడా ఓబులమ్మ ఇలాగే ఒరుగులు చేసి కుండల్లో నింపింది. ఎండాకాలం వచ్చింది. బావులు అడుగంటాయి. వెదికినా పచ్చని కాయ లేదు. అప్పుడు సముద్రతీరం నుంచి ఉప్పు బండ్లు వరసగా ఆ ఊరి మీదుగా పోతూ ఆగాయి. ఉప్పు తప్ప ఏ కూరా లేక బండ్లవాళ్ళ నాలుకలు చచ్చి ఉన్నాయి. సుంకులవ్వ వాళ్ళను వెంటబెట్టుకుని నేరుగా ఓబులమ్మ ఇంటికి తీసుకొచ్చింది.

బండ్ల పెద్ద ఒక ఒరుగు నోట్లో వేసుకుని, "పచ్చికూర బండిలో నిలవదు తల్లీ. ఇది ఊరు చేరేదాకా ఉంటుంది. ఎంత ఉందో అంతా కొలువు. ధర నువ్వే చెప్పు" అన్నాడు.

ధర నువ్వే చెప్పు! ఈ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఓబులమ్మ న్యాయమైన ధరే చెప్పింది. బయ్యన్న గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. కంట్లో నలుసు పడిందట, మనమూ నమ్ముదాం.

మళ్ళీ పంటకు మళ్ళీ సంత. ఈసారి ఆలుమగలు వంకాయలతో పోయారు. పొద్దు నడినెత్తికి రాగానే ఓబులమ్మ గంప మీద గుడ్డ కప్పి లేచింది. చూస్తే మిద్దెలపాడు ఆడవాళ్ళందరూ లేచి గుడ్డలు కప్పుతున్నారు. వేంగళయ్య నమిలే ఆకు ఉమ్మేసి మిట్టమధ్యాహ్నం పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, అప్పుడేనా?"

"అవును సామీ, పొయ్యి మీద ఉప్పునీళ్ళు పెట్టొచ్చినా."

ఒట్టి బెదిరింపైతే వేంగళయ్య కనిపెట్టేవాడే. కానీ ఈమె మోసుకుపోతుంది, ఒకసారి పోయింది కూడా. ఇక ధర పెంచక తప్పలేదు. ఓబులమ్మ సగం గంప అమ్మి, సగం ఇంటికి ఎత్తుకుంది.

పోతూ పోతూ వేంగళయ్య బయ్యన్న చెవి దగ్గర చేరి, "మరి ఆ చేను సంగతి ఏం జేస్తివప్పా? ఇస్తావా?" అని అడిగాడు.

బయ్యన్న కడుపుబ్బ నవ్వాడు. "యాడిదిచ్చేది సామీ! ఎకరం మాకే చాలకొచ్చింది!"

ఇప్పుడు ఆ మట్టి మిద్దెలు లేవు. ఎండిన ఒరుగుల వాసన ఊరి పొలిమేర దాకా వచ్చి ఎదురుపడే ఆ రోజులు తలుచుకుంటే దిగులుగా ఉంటుంది. అయినా ఎండ ఎక్కడికీ పోలేదు, రోజూ వస్తూనే ఉంది.

కాబట్టి పిల్లలూ, పండించడం సేద్యంలో సగమే. పండినదాన్ని నిలుపుకోవడం నేర్చిన చిన్నరైతుకే ధర చెప్పే నోరు వస్తుంది.