మూడోసారి అడగని చుట్టాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక రాళ్ళగుట్ట. గుట్ట కింద, వంక ఒడ్డున ఒక బొరియ. ఆ బొరియలో నాంచారమ్మ అనే ముళ్ళపంది తన ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేది. కూతురి పేరు చామ. కొడుకు పేరు కంద. నాంచారమ్మకు దుంపలంటే అంత ఇష్టం మరి, పిల్లలకు కూడా వాటి పేర్లే పెట్టుకుంది.

నాంచారమ్మకు ఒంటినిండా ముళ్ళు, నోటినిండా మొహమాటం. ఎవరు ఏమిచ్చినా ముందు వద్దనేది. రెండోసారి ఇస్తే "ఎందుకండీ మీకు శ్రమ" అనేది. మూడోసారి బతిమాలితే అప్పుడు తీసుకునేది. ఆమె ఒక్కతే కాదు, ఆ అడవిలో అందరిదీ అదే పద్ధతి. అడగ్గానే సరే అంటే ఆశపోతు అనుకుంటారని వాళ్ళ భయం. నవ్వకండి. మీరు మాత్రం తక్కువా? మొన్న మేనత్త ఇంట్లో ఇంకో అరిసె వేయనా అంటే చాలు చాలు అన్నారు. కళ్ళు మాత్రం పళ్ళెం వదల్లేదు.

వానాకాలం రాగానే నాంచారమ్మ పిల్లలను తీసుకుని గుట్టమీది పొడి బొరియకు మారిపోయేది. ఆ ఏడు వాన ముందే వచ్చేసింది. ఒక రాత్రంతా కురిసి తెల్లవారుతుండగా తెరిపి ఇచ్చింది. "ఇవాళే ఇల్లు మారిపోదాం. ముందు తినడానికేమైనా తెస్తాను" అని పిల్లలతో చెప్పి నాంచారమ్మ దుంపలు తవ్వడానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి వాకిలి లేదు. వానకు మట్టి కరిగి, గుట్టమీది బండరాయి ఒకటి దొర్లి వచ్చి బొరియకు అడ్డంగా కూర్చుంది. లోపలినుంచి పిల్లల ఏడుపు వినిపిస్తోంది.

నాంచారమ్మ నోట్లోని దుంప జారి కింద పడింది. రాయి పక్కన వేలెడు సందు ఉంటే అందులో మూతి పెట్టి, "చామా, కందా, దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగింది.

"లేదమ్మా. కానీ చీకటిగా ఉంది. కింద నీళ్ళు ఊరుతున్నాయి" అంది చామ.

"నా కాళ్ళు తడిసిపోయాయి" అన్నాడు కంద.

నాంచారమ్మ వంకవైపు చూసింది. వంక సగానికి పైగా నిండి ఉంది. ఇంకొక్క వాన పడితే ఒడ్డు దాటి నీళ్ళు తిన్నగా బొరియలోకి వస్తాయి. తూర్పున మళ్ళీ మబ్బు పడుతోంది. ఆమె గోళ్ళతో రాయి అంచున తవ్వింది. కింద కూడా రాయే. గోళ్ళు చిట్లాయి కానీ పిడికెడు మట్టి కూడా రాలేదు.

అప్పుడు అటుగా ఎలుగుబంటి భద్రయ్య వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, అలా ఉన్నావు?" అన్నాడు.

"ఏం లేదన్నా" అంది నాంచారమ్మ.

"ఏదో ఉంది. చెప్పు."

"ఏదో పనిమీద వెళ్తున్నట్టున్నావు. నీకెందుకన్నా శ్రమ?"

"పని ఎక్కడికీ పోదు. ముందు నువ్వు చెప్పు తల్లీ" అని భద్రయ్య మూడోసారి అడిగాడు.

అప్పుడు నాంచారమ్మ బావురుమంటూ జరిగిందంతా చెప్పింది. భద్రయ్య వెంటనే రాయికి భుజం ఆనించాడు. తోశాడు. రొప్పాడు. మళ్ళీ తోశాడు. రాయి కదల్లేదు.

"ఇది నా ఒక్కడివల్ల కాదు. గుట్ట అవతల అడవిదున్నలు ఉన్నాయి. పిలుచుకొస్తాను, ధైర్యంగా ఉండు" అని చెప్పి పరుగు తీశాడు. గుట్ట చుట్టి వెళ్ళి రావాలంటే ఎంత పరుగెత్తినా సాయంత్రం అవుతుంది. ఆ మబ్బు సాయంత్రం దాకా ఆగేలా లేదు.

నాంచారమ్మ రాయి పక్కనే కూలబడింది. సరిగ్గా అప్పుడు ఆకాశంలోంచి ఒక వింత బండి దిగింది. అది బోర్లించిన మూకుడులా ఉంది. చప్పుడు లేదు, పొగ లేదు. వచ్చి నేరేడుచెట్టు పక్కన మెల్లగా వాలింది. దాని తలుపు తెరుచుకుని ముగ్గురు దిగారు. పసుపురంగు ఒళ్ళు, తలమీద రెండు మెత్తటి కొమ్ములు, నేలకు ఆనకుండా నడిచే పాదాలు. వాళ్ళు ఎక్కడో దూరాన ఉన్న చుక్కనుంచి వచ్చినవాళ్ళు. చాలాకాలంగా అడవిమీద తిరుగుతూ ఇక్కడి మాటలన్నీ విని నేర్చుకున్నారు. మాటలైతే వచ్చాయి కానీ మన మర్యాదలు ఇంకా వంటబట్టలేదు.

వాళ్ళలో పెద్దామె పేరు ఊలి. ఆమె ముందుకు వచ్చి, "అమ్మా, పైన వెళ్తుంటే పిల్లల ఏడుపు వినిపించింది. అందుకే దిగాం. మీకు మా సాయం కావాలా?" అని అడిగింది.

నాంచారమ్మకు ప్రాణం లేచివచ్చింది. కావాలి, ఇప్పుడే కావాలి అని లోపల మనసు కొట్టుకుంటోంది. నోరు మాత్రం పాత అలవాటు ప్రకారమే తెరుచుకుంది.

"అబ్బే, ఏం లేదండి. రండి, కూర్చోండి. చాలా దూరంనుంచి వచ్చినట్టున్నారు."

ఊలి చెవి ఒగ్గి విన్నది. ఏడుపు ఆగిపోయింది. "మీ గోళ్ళు చిట్లాయి కదా" అంది.

"దుంపలు తవ్వానండి."

"ఈ రాయి?"

"రాయేనండి. నేరేడుపళ్ళు తింటారా?"

మన నాంచారమ్మను చూస్తే కోపం వస్తోంది కదూ? నాకూ వస్తోంది. కానీ ఆమె లెక్క ఆమెకుంది. ఇది మొదటిసారి అడగడం. ఇంకో రెండుసార్లు అడుగుతారు. మూడోసారి చెప్పేస్తాను. అయినా ఇంటికొచ్చిన చుట్టాలచేత దిగీ దిగకముందే రాళ్ళు మోయిస్తారా ఎవరైనా? ఇలా అనుకుంటూ ఆమె గబగబా పళ్ళు ఏరి ఆకులో పెట్టింది.

చుట్టాలు నేరేడుపళ్ళు ఇష్టంగా తిన్నారు. నాలుకలు ఊదారంగుకు తిరిగితే ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. నాంచారమ్మ ఒక కన్ను వాళ్ళమీద, ఒక కన్ను మబ్బుమీద వేసి నిలబడింది.

"అడిగామని ఏమీ అనుకోకండి" అంది ఊలి. "అడగందే మేం ఎవరి వాకిట్లోనూ వేలు పెట్టం. ఒకసారి ఒక లోకంలో దారికి అడ్డంగా గుట్ట ఉంటే, పాపం వీళ్ళకు ఇబ్బందని ఎత్తి పక్కన పెట్టాం. తీరా చూస్తే అది గుట్ట కాదు, వాళ్ళ అవ్వ. ఎండలో పడుకుని ఉంది. చాలా కోప్పడింది. అప్పటినుంచి, కావాలన్నవాళ్ళకే చేస్తాం. వద్దంటే ఊరుకుంటాం."

"మంచి పద్ధతండీ" అంది నాంచారమ్మ. ఆమె మనసంతా రాయి వెనకే ఉంది. లోపలినుంచి చిన్న చప్పుడు కూడా లేదు. ఇందాకటిదాకా ఏడ్చిన పిల్లలు ఇప్పుడెందుకు ఏడవడం లేదు?

ఊలి లేచి నిలబడింది. "అయితే మీకు ఏ సాయమూ అక్కర్లేదు కదా?"

రెండోసారి. ఇంకొక్కసారి అడిగితే చాలు.

"మీకెందుకండీ శ్రమ" అంది నాంచారమ్మ.

"సరే అమ్మా. పళ్ళు చాలా బాగున్నాయి" అని ఊలి దణ్ణం పెట్టింది. మిగతా ఇద్దరూ దణ్ణం పెట్టారు. ముగ్గురూ వెనక్కి తిరిగారు.

నాంచారమ్మ చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఆగుతారు. ఇప్పుడు వెనక్కి తిరిగి అడుగుతారు. వాళ్ళు నేరేడుచెట్టు దాటారు. బండి ఎక్కారు. తలుపు మూసుకుంది. మూడోసారి ఎవరూ అడగలేదు.

ఒక చినుకు ఆమె ముక్కుమీద పడింది. నాంచారమ్మ సందులో మూతి పెట్టి, "చామా" అని పిలిచింది. జవాబు లేదు. "కందా" అని పిలిచింది. జవాబు లేదు. ఆమె ఒంటిమీది ముళ్ళన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి. చుట్టాలేమనుకుంటారో, ఆశపోతు అంటారేమో, ఆ ఆలోచనలన్నీ ఆ క్షణంలో ఎటుపోయాయో పోయాయి.

ఆమె పరుగెత్తింది. ముళ్ళు గలగలలాడుతుంటే, కాళ్ళు బురదలో జారుతుంటే, లేస్తూ పడుతూ పరుగెత్తింది. బండి అప్పటికే మూరెడు ఎత్తు లేచింది. నాంచారమ్మ దాని కిందికి దూరి రెండు చేతులూ పైకెత్తింది.

"వెళ్ళకండి. నాకు సాయం కావాలి. నేను వద్దన్నది అబద్ధం. ఆ రాయి వెనక నా పిల్లలున్నారు. నీళ్ళు వస్తున్నాయి. నా పిల్లలను కాపాడండి" అని గొంతు చించుకుని అరిచింది.

బండి దిగింది. తలుపు తెరుచుకుంది. ఎందుకు అబద్ధమాడావని ఊలి అడగలేదు. "పదండి" అంది అంతే.

ముగ్గురూ రాయి చుట్టూ నిలబడ్డారు. తలో సన్నటి గొట్టం తీసి రాయికి ఆనించి, బుగ్గలు పూరించి ఊదారు. రాయి తన బరువు తాను మరిచిపోయినట్టు నేలనుంచి లేచింది. గాలిలో కాస్త ఊగింది. ఊలి దాన్ని చిటికెనవేలితో నెట్టి, కింద అవ్వలెవరూ లేరని చూసుకుని మరీ అవతల దించింది.

బొరియలో మోకాలిలోతు నీళ్ళున్నాయి. లోపల ఎత్తుగా ఉన్న రాతిమీద చామ నిలబడి ఉంది. తమ్ముణ్ణి వీపుమీద ఎక్కించుకుని ఉంది. వాడి చిన్న ముళ్ళు గుచ్చుకుంటున్నా పళ్ళబిగువున మోస్తోంది. ఇద్దరి నోళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

నాంచారమ్మ నీళ్ళలోకి దిగి ఇద్దరినీ లాక్కొచ్చి గుట్టమీది బొరియ దాకా ఎక్కడా ఆగలేదు. వెనకే చుట్టాలూ ఎక్కి వచ్చారు. అంతలో వాన విరుచుకుపడింది. కాసేపటికి వంక ఒడ్డు దాటి కింది బొరియలోకి దూకింది. పైనుంచి అది చూసి నాంచారమ్మ పిల్లలను దగ్గరికి లాక్కుంది. పిల్లలను తడిమింది. చెవులు చూసింది, కాళ్ళు చూసింది. అన్నీ ఉన్నాయి. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తల్లీపిల్లలు ముళ్ళు గుచ్చుకుంటున్నా వదలకుండా ఒకరినొకరు పట్టుకున్నారు.

సాయంత్రం కావస్తుండగా తడిసి ముద్దయి భద్రయ్య వచ్చాడు. వెనక నాలుగైదు దున్నలు బుసలు కొడుతూ వచ్చాయి. పిల్లలు పైన క్షేమంగా ఉన్నారని తెలిసి భద్రయ్య ఉన్నచోటే చతికిలబడి, "అమ్మయ్య, బతికించారు" అన్నాడు. అంత దూరం పరుగెత్తుకొచ్చి రాయి దొరకని దున్నలు ఏం చేయాలో తెలియక నేరేడుపళ్ళు తిన్నాయి.

భద్రయ్యా దున్నలూ కూడా పైకి వచ్చి, అందరూ కాస్త తేరుకున్నాక నాంచారమ్మ పిల్లలను అడిగింది: "ఎంత పిలిచినా పలకలేదేం? ఏడుపైనా వినిపించలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి."

చామ, కంద ముఖాలు చూసుకున్నారు.

"చుట్టాలొచ్చారు కదమ్మా" అంది చామ. "చుట్టాలొస్తే గొడవ చేయకూడదని నువ్వే చెప్పావు. వాళ్ళు వెళ్ళేదాకా నోరు విప్పొద్దని తమ్ముడితో నేనే అన్నాను. వెళ్ళారో లేదో లోపల మాకు తెలియలేదు."

"నాకు ఏడుపొచ్చింది" అన్నాడు కంద. "అయినా మింగేశాను. నీళ్ళు పొట్టదాకా వచ్చాయి. అప్పుడు కూడా మింగేశాను. నేను మంచిగా ఉన్నాను కదమ్మా?"

తను నేర్పిన మర్యాదే తన పిల్లలను ముంచబోయిందని నాంచారమ్మకు అప్పుడు అర్థమైంది. ఆమె కందను ఒళ్ళోకి తీసుకుంది.

"చాలా మంచిగా ఉన్నావు నాన్నా. నేనే తప్పు చెప్పాను" అంది. "భయమేస్తే ఏడవండి. నొప్పేస్తే అరవండి. ఎవరున్నా సరే, రాజుగారే వచ్చి కూర్చున్నా సరే. విన్నారా?"

"ఇప్పుడు ఏడవచ్చా?" అన్నాడు కంద.

"ఏడువు."

వాడు చుట్టాలముందు, ఎలుగుబంటిముందు, అన్ని దున్నలముందు నోరంతా తెరిచి హాయిగా ఏడ్చాడు. ఎవరూ వద్దనలేదు. ఊలి వాడి పక్కన కూర్చుని, ఏడుపు అయ్యేదాకా వాడి చెయ్యి పట్టుకుంది.

నీతి: ఆపదలో సాయం అడగడానికి మొహమాటపడకూడదు, పిల్లలకు అణకువకన్నా ముందు, కష్టం వస్తే నోరు తెరిచి చెప్పడం నేర్పాలి.