అనుభవానికి ఇచ్చిన బిరుదు

రాజముద్ర లేకపోయినా, ఇంట్లో కూర్చున్నవాళ్లకు పనిలో అనుభవాన్ని బట్టి బిరుదులు పంపే విద్యాపీఠం ఒకటుండేది. "అది బూటకం" అన్నందుకు పడవ నడిపే సింగన్నను పీఠాధిపతి వాచస్పతి రాజసభకు ఈడ్చాడు. నేరం రుజువైతే కొరడా దెబ్బలే.

"అనుభవమే అసలు చదువు, ప్రభూ!" అన్నాడు వాచస్పతి.

"అయితే వీరు బిరుదిచ్చిన న్యాయకోవిదుడు మల్లుడే మా తగవు తీర్చాలి," అన్నాడు సింగన్న. వాచస్పతి మీసం మెలేసి ఒప్పుకున్నాడు.

భటులు తెచ్చినవాణ్ణి చూసి సభంతా గొల్లుమంది. వాడు కోళ్ల దొంగ!

"దొంగా నాకు తీర్పు చెప్పేది?" అని అరిచాడు వాచస్పతి.

"ఏళ్ల తరబడి న్యాయస్థానం మెట్లెక్కుతున్నాడు. అది అనుభవం కాదా స్వామీ?" అన్నాడు సింగన్న.

వాచస్పతి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

"హమ్మయ్య!" అంటూ సింగన్న బయటికొచ్చాడు.

"నాకూ హమ్మయ్యే," అన్నాడు వెనకే వచ్చిన మల్లుడు. "ఇక్కణ్ణించి శిక్ష పడకుండా బయటపడ్డ అనుభవం ఇదే మొదలు!"