గంపగౌరి నోటి మాట

కాకినాడ జగన్నాథపురంలో సూరిబాబు అని పిల్లల పత్రికకి బొమ్మల కథలు వేసే ఆయన ఉండేవాడు; చెయ్యి బంగారమే గానీ, పక్కవాళ్ళు చేసిన సాయాన్ని తన గొప్పలో కలిపేసుకునే అలవాటు ఒకటి ఆయనకి ఉండేది.

అది చెడ్డతనం కాదు. ఒక రకం మతిమరుపు. పక్కింటాయన నిచ్చెన తెచ్చి, ఎక్కి, మేకు కొట్టి వెళ్ళినా, పటం తగిలించింది మాత్రం నేనే అనేవాడు. పులుసు బాగా కుదిరితే, చింతపండు తెచ్చింది ఎవరనుకున్నారు అని చుట్టాలతో చెప్పేవాడు. ఆయన భార్య నూకరత్నం ఇవన్నీ విని నవ్వుకునేది. ఆవిడ నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. ఎవరైనా వస్తే మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి తలుపు చాటుకి తప్పుకునేది. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం ఆవిడ మాట తాలింపులో ఎండుమిరపకాయలా చిటపటలాడేది.

సూరిబాబు వేసే కథ 'గోగుపువ్వు' అనే మాసపత్రికలో వచ్చేది. అందులో గంపగౌరి అనే ముసలమ్మ ఉండేది. నెత్తిమీద కూరగాయల గంప, చెవులకి పెద్ద కమ్మలు, నోట్లో రెండే పళ్ళు. గౌరి ఎవరికీ జడిసేది కాదు. కేకలేసే మేస్త్రీకైనా, పొడవడానికొచ్చే ఎద్దుకైనా ఒక్క మాటతో జవాబు చెప్పి, గంప సర్దుకుని తన దారిన పోయేది. పిల్లలు పత్రిక చేతికి రాగానే ముందు ఆ పేజీయే తీసేవారు. ఆ ఒక్క మాటా బడిలో వారం రోజులు తిరిగేది.

ఆ కథ తయారవడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సూరిబాబు మందపాటి కాగితం మీద ఆరు గడులు గీసి, సిరాతో బొమ్మలు వేసేవాడు. నోటి పక్కన మాటలు రాసే బుడగల్ని ఖాళీగా వదిలేసేవాడు. సిరా ఆరడానికి కాగితాన్ని వంటింట్లో బియ్యం డబ్బాకి ఆనించేవాడు. నూకరత్నం వంకాయలు తరుగుతూ దాన్నే చూస్తూ ఉండేది. కాసేపటికి సూరిబాబు, ఇక్కడ గౌరి ఏమంటుందంటావు అని అడిగేవాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, పెన్సిలు తీసుకుని, నూనె కాగేలోపు బుడగలన్నీ నింపేసేది. ఆయన వాటి మీద సిరాతో దిద్ది, పెన్సిలు గీతల్ని రబ్బరుతో శుభ్రంగా చెరిపేసి, పొట్టు ఊదేసి పత్రికకి పంపేవాడు. కింద 'బొమ్మలు, మాటలు: సూరిబాబు' అని అచ్చయ్యేది.

ఇలా తొమ్మిదేళ్ళు జరిగింది. ఆవిడ అడగలేదు. ఆయనకి తోచలేదు.

ఒకసారి సూరిబాబుకి, గౌరి కథలన్నీ కలిపి తనే పుస్తకంగా వేయాలనిపించింది. పత్రిక యజమాని గుర్నాథం గారిని కలిసి ఆ మాట చెప్పాడు. గుర్నాథం గారు మర్యాదస్తుడే. కాఫీ తెప్పించాడు. కాఫీ తాగాక, గౌరి పత్రికలో పుట్టింది కాబట్టి పత్రికదేనని, పుస్తకం వేస్తే తనే వేయాలని చెప్పాడు.

"నెలనెలా బొమ్మలు కొన్నది నేను. కొబ్బరికాయ కొన్నాక అందులో నీళ్ళు కూడా కొన్నవాడివేగా సూరిబాబూ," అన్నాడు.

"కాయ కొన్నారండి. చెట్టు కొనలేదు," అన్నాడు సూరిబాబు.

మాటామాటా పెరిగింది. ఇద్దరి దగ్గరా రాతకోతలేవీ లేవు. మరుసటి నెల పత్రికలో గౌరి వచ్చింది గానీ, వేసింది వేరే చిత్రకారుడు. మెయిన్ రోడ్డు పుస్తకాల కొట్టు ముందు నిలబడి సూరిబాబు ఆ పేజీ చూశాడు. అదే గంప, అవే కమ్మలు. కన్నకూతురు తన ఎదురుగానే వేరెవరినో నాన్నా అని పిలిచినట్టయింది. అక్కణ్ణించి నేరుగా సుగుణ గారనే వకీలు ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ దావా కాగితం తయారుచేసింది. గంపగౌరి బొమ్మా, మాటా, కథా మొత్తం తన ఒక్కడి సృష్టేనని సూరిబాబు ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని భార్యకి గట్టిగా చదివి వినిపించాడు. 'మాటా' అన్నచోట కత్తిపీట మీద ఆవిడ చేతిలోని వంకాయ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"చూశావా రత్నం," అన్నాడు ఆయన. "తొమ్మిదేళ్ళు తీసుకుని, ఇప్పుడు అంతా తనదే అంటున్నాడు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా?"

"ఎందుకుండదండి, ఉంటుంది," అంది నూకరత్నం తల ఎత్తకుండా. "అలా తీసుకునేవాళ్ళకి తీసుకుంటున్నట్టు కూడా తెలీదు పాపం."

అది గుర్నాథం గారి గురించేననుకుని సూరిబాబు చాలా తృప్తిపడ్డాడు.

దావా ఏడాది నడిచింది. వాయిదా మీద వాయిదా పడింది. చివరికి జడ్జిగారు, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే సంగతి ఇది అని, వాళ్ళని లోక్ అదాలత్‌కి పంపాడు. అది రాజీలు కుదిర్చే చోటు. అక్కడ హైమావతి గారని ఒక రిటైరైన జడ్జమ్మ కూర్చునేది. సూరిబాబుకి వేళకి కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది కాబట్టి, నూకరత్నం కూడా ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళింది. గోడ వారన ఆఖరి బెంచీలో, ఇద్దరు లావుపాటి ఆడవాళ్ళ మధ్య కనపడకుండా కూర్చుంది.

హైమావతి గారు రెండు పక్షాలూ చెప్పింది ఓపిగ్గా విన్నది. చట్టం ప్రకారం తేలాలంటే ఇంకా ఏళ్ళు పడుతుందని, ఈలోపు తనకి గౌరిని ఒకసారి చూడాలనుందని అన్నది. రెండు తెల్లకాగితాలు తెప్పించి, ఒకటి సూరిబాబుకి, ఒకటి గుర్నాథం గారు తెచ్చుకున్న చిత్రకారుడికి ఇప్పించింది.

"గౌరి గంపతో సిటీ బస్సెక్కింది. కండక్టరు ఆవిడకి టికెట్టిచ్చి, గంపకి కూడా టికెట్టు తీసుకోమన్నాడు. ఆవిడ ఏమంటుందో వెయ్యండి," అన్నది.

ఇద్దరూ వంగి గీశారు. పొలం తగాదాల కోసం వచ్చినవాళ్ళు కూడా తమ సంగతి మర్చిపోయి చుట్టూ మూగారు. అరగంటలో బొమ్మలు అయ్యాయి. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో బంట్రోతుకి కూడా తెలియలేదు. ఆ మాటకొస్తే కొత్తాయన వేసిన కమ్మలే ఇంకా బాగున్నాయని ఒక పెద్దాయన అన్నాడు. గుర్నాథం గారు మీసం సవరించుకున్నాడు.

కొత్తాయన బుడగలో, 'నేను టికెట్టు కొనను, ఏం చేస్తావో చేసుకో' అని రాశాడు. చదివినవాళ్ళెవరూ నవ్వలేదు. మా మరదలు రోజూ బస్సులో ఇదే అంటుందని ఒకావిడ గొణిగింది.

సూరిబాబు బుడగ ఖాళీగా ఉంది. గౌరి నోరు తెరుచుకుని, రెండు పళ్ళూ చూపిస్తూ ఎదురుచూస్తోంది. ఆయన మనసులో నాలుగు మాటలు రాసుకుని నాలుగూ కొట్టేసుకున్నాడు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి, ఇంట్లో అలవాటు చొప్పున, కాగితాన్ని ఎడమవైపుకి జరిపింది. ఇంట్లో అయితే అటువైపు బియ్యం డబ్బా ఉంటుంది. దాని అవతల నూకరత్నం ఉంటుంది. ఇక్కడ అటు ఎవరూ లేరు.

అప్పుడు ఆయనకి తెలిసింది. తొమ్మిదేళ్ళూ తను చెరిపేసింది పెన్సిలు గీతల్ని కాదు.

సుగుణ గారు చెవి దగ్గరికి వంగి, ఏదో ఒకటి రాసెయ్యమని తొందరపెట్టింది. ఈ మాటలు నావి కావండి అని ఆయన గొణిగాడు. ఆ సంగతి పైకి చెబితే, ప్రమాణం చేసి అబద్ధమాడినట్టవుతుందని, అవతలి వకీలు దాన్ని పట్టుకుంటే గౌరి చేజారిపోతుందని హెచ్చరించింది. ఆవిడ చెప్పింది నిజమే. సూరిబాబు గౌరి వంక చూశాడు. తర్వాత ఆఖరి బెంచీ వంక చూశాడు. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నేను రాసిచ్చిన కాగితంలో ఒక అబద్ధం ఉందండి," అన్నాడు. "గౌరికి ముఖం నేనిచ్చాను. మాట నాది కాదు. మా ఆవిడది. తొమ్మిదేళ్ళూ ప్రతి మాటా ఆవిడదే. నాది నాకు కావాలని ఇంత దూరం వచ్చాను గానీ, ఆవిడది ఆవిడకివ్వాలని నాకు తోచలేదు."

గుర్నాథం గారి వకీలు చటుక్కున లేచాడు. సృష్టి తనది కాదని వాదే ఒప్పుకున్నాడు కాబట్టి ఇక తేల్చడానికేముందని అన్నాడు. హైమావతి గారు ఆయన్ని కూర్చోమని చెయ్యి ఊపి, ఆ మాటలావిణ్ణి ముందుకి రమ్మన్నది.

నూకరత్నం రాలేదు. సందుంటే బెంచీ కిందికి దూరేలా ఉంది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళూ, వెళ్ళమ్మా, ఏం చెయ్యరు అని ముందుకి తోశారు గానీ, ఆవిడ ఫ్లాస్కుని పట్టుకున్న పట్టు వదల్లేదు. అప్పుడు సూరిబాబే కాగితం తీసుకుని, గుమస్తా దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని, ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్ళాడు. జనం దారిచ్చారు. ఆయన ఆవిడ ఎదురుగా కింద కూర్చుని, కాగితాన్ని ఎదురు బెంచీకి ఆనించాడు.

"ఇక్కడ గౌరి ఏమంటుందంటావు రత్నం?" అన్నాడు.

ఆవిడ బొమ్మ వంక చూసింది. చుట్టూ ఉన్న జనాన్ని మర్చిపోయింది. చేతులకి ఏమీ అంటకపోయినా కొంగుకి తుడుచుకుంది. పెన్సిలు తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. బంట్రోతు ఆ కాగితం తీసుకెళ్ళి హైమావతి గారి ముందు పైకి చదివాడు:

"అలాగే ఇవ్వు నాయనా. టికెట్టిచ్చాక దానికీ ఒక సీటు చూపించు. పొద్దుట్నుంచీ నా నెత్తినే కూర్చుంది."

హాలంతా గొల్లున నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది గుర్నాథం గారే. నవ్వేశాక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు గానీ, అప్పటికే హైమావతి గారు చూసేసింది.

"గుర్నాథం గారూ, బొమ్మలు కొన్నానంటున్నారు, సరే," అన్నది ఆవిడ. "ఈ మాట ఇప్పుడే పుట్టింది. దీన్ని ఎప్పుడు కొన్నారు?"

గుర్నాథం గారు తువ్వాలు మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"ఏడాది నుంచీ పిల్లలు ఉత్తరాలు రాస్తున్నారమ్మా," అన్నాడు చివరికి. "గౌరికి ఒంట్లో బాగోలేదా, సరిగ్గా మాట్లాడట్లేదేంటి అని అడుగుతున్నారు. ఏం రాయాలో తోచక జవాబివ్వలేదు. అది మాట్లాడేది ఎక్కణ్ణించో ఇప్పుడు తెలిసింది."

కొత్త చిత్రకారుడు కూడా లేచి, నెలనెలా ఆ బుడగ నింపలేక తన ప్రాణం పోతోందని, తనకి సొంతంగా ఒక కోతి కథ వేసే అవకాశమిస్తే చాలని చెప్పుకున్నాడు.

హైమావతి గారు సూరిబాబుని అంత తేలిగ్గా వదల్లేదు. ప్రమాణం చేసి తప్పు రాయడం చిన్న సంగతి కాదని గట్టిగానే మందలించింది. అయితే, ఎవరో పట్టుకోకముందే, నష్టం వస్తుందని తెలిసి కూడా తనంతట తనే చెప్పాడు కాబట్టి దిద్దుకోనిస్తున్నానన్నది. మధ్యాహ్నం భోజనాల వేళకి రాజీ కుదిరింది. గంపగౌరి భార్యాభర్తలిద్దరిదీ. 'గోగుపువ్వు'లో కథ మళ్ళీ వాళ్ళే ఇస్తారు, ఇద్దరి పేర్లతోనూ. పుస్తకం మాత్రం వాళ్ళిష్టం.

సంతకాల దగ్గర గుమస్తా, అమ్మగారు వేలిముద్రా, సంతకమా అని సూరిబాబుని అడిగాడు. సూరిబాబు జవాబు చెప్పబోయి ఆగాడు. ఆవిడ సంగతి ఆవిణ్ణే చెప్పుకోనిచ్చాడు.

"సంతకమే," అంది నూకరత్నం. ఆవిడ ఆ రోజు పదిమందిలో పైకి అన్న మాట అదొక్కటే. మెల్లగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు పేరంతా రాసింది.

మూడు నెలలకి పుస్తకం వచ్చింది. అట్ట మీద పైన 'మాటలు: నూకరత్నం' అని, దాని కింద 'బొమ్మలు: సూరిబాబు' అని వేయించాడు. పైన తన పేరెందుకండీ అని ఆవిడ గొడవపడింది గానీ ఆయన వినలేదు. గుర్నాథం గారు కబురు పంపి వంద పుస్తకాలు తెప్పించుకుని, చందాదారుల పిల్లలకి పంచాడు. గౌరికి ఒంట్లో కులాసాగా ఉందని పత్రికలో ఒక ముక్క కూడా అచ్చువేశాడు.

సూరిబాబు గొప్పలు చెప్పుకోవడం మానలేదు. ఆ వయసులో అలవాట్లు ఎక్కడికి పోతాయి? కాకపోతే ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళతో, బుడగ ఖాళీగా వదలడం నా వంతు, నింపడం ఆవిడ వంతు అని చెప్పేవాడు. మంచినీళ్ళ గ్లాసిచ్చిన నూకరత్నం తలుపు చాటుకి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, అది పూర్తిగా వినేది.

ఒకరి శ్రమని తనదని చెప్పుకునేవాడు తన శ్రమకి న్యాయం అడగలేడు. ఎవరి పేరు వాళ్ళకి ఇచ్చినప్పుడే మన పేరు మనకి నిలుస్తుంది.