ముత్యాలి గీసిన గీత

అప్పు చేసేది ఒకరూ, తీర్చేది ఇంకొకరూ అయితే, ఆ అప్పుకు హద్దు గీయాల్సింది ఎవరు? చెప్పండి!

పూర్వం ఒక రాజు మూడో అద్దాల మేడ కోసం సభలో చప్పట్ల మధ్య అప్పుల హద్దు పెంచేశాడు. తాకట్టు మాత్రం జనం నాగళ్లూ, పడవలూ! పడవ నడిపే ముత్యాలికి కడుపు మండిపోయింది. ఆమె బతుకుతెరువే తాకట్టులో పడింది మరి.

మర్నాడు అవతలి ఒడ్డున ఉన్న షావుకారుకు అప్పుపత్రం రాయడానికి రాజు ఏరు దాటాలి. ముందుగా ముత్యాలి పడవలో వెండి సింహాసనం, కానుకల పెట్టెలు ఎక్కించారు. పడవ పక్కన గీసిన బరువు గీతను నీళ్లు తాకాయి.

"చాలు దొరా! ఇంకొక్క మనిషి ఎక్కినా మునుగుతుంది," అంది ముత్యాలి.

"రాజుగారికే అడ్డు చెబుతావుటే!" అని మంత్రి కసిరాడు.

"అయ్యో, ఎంతమాట!" అంటూ ఆమె సున్నం తెచ్చి, జానెడు పైన కొత్త గీత గీసింది. "హద్దు పెంచాను. దయచేయండి."

రాజు అడుగు వెనక్కి వేశాడు. "గీత జరిపితే పడవ తేలుతుందా? నన్ను ముంచుతావా?"

"నిన్న సభలో తమరు జరిపిందీ ఇలాంటి గీతే కదా దొరా! ఆ పడవలో ఉన్నది మేము కాబట్టి తమకు భయం వెయ్యలేదు."

ఆ మాట విని రేవులోని పడవవాళ్లు ఒక్కరూ రాజు కోసం తెడ్డు పట్టలేదు. పత్రం రాయకుండానే రాజు వెనుదిరిగాడు.

ఈసారి ఎవరైనా హద్దు పెంచుదామంటే చప్పట్లు కొట్టకండి. ముందు వాళ్లను పడవ ఎక్కమనండి!