నడివీధిలో కూర్చున్న అంకాలు

అనగా అనగా, జనం పొద్దును చూసి టైము చెప్పుకునే రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో పోలయ్య అని పడవ నడిపేవాడు. అతని భార్య అంకాలు.

ఏటి మీద వంతెన కట్టడానికి ఒక ఇంజనీరు దొర వచ్చాడు. ముందు నీళ్ల వడి కొలవాలి. పోలయ్య పడవలోంచి కొబ్బరికాయ వదిలేవాడు. దొర చేతి గడియారం మీట నొక్కేవాడు. సన్నముల్లు పరిగెత్తేది. కాయ కొట్టుకుపోయి దిగువన పాతిన గుంజని దాటగానే మళ్లీ నొక్కేవాడు. ముల్లు ఆగిపోయేది. వంతెన అయ్యాక దొర ఆ గడియారం విప్పి పోలయ్య చేతికి పెట్టి వెళ్లిపోయాడు.

"దొర ఇచ్చాడంట! తిరనాళ్లలో కొన్న నకిలీదిరా అది" అని ఊరు నవ్వింది. పోలయ్య బతికినంత కాలం నవ్వింది. పోయాక కూడా నవ్వింది. పెద్దకర్మ నాడు పోలయ్య వాళ్లన్న విస్తరి ముందు కూర్చుని, "మావాడు మంచోడే. అబద్ధాలే కాస్త ఎక్కువ" అన్నాడు.

వడ్డిస్తున్న అంకాలు గరిట కింద పెట్టేసింది.

"మా ఆయన అబద్ధాలకోరు కాదు బావగారూ. తేల్చుకొస్తాను."

అసలుదైతే వెనక మూత లోపల కంపెనీ ముద్ర ఉంటుందని పోలయ్య చెప్పేవాడు. గడియారం కొంగున ముడేసుకుని పట్నంలో గడియారాల వీధికి నడిచింది.

మొదటిది అద్దాల కొట్టు. కొట్టు పానకాలుది. అంకాలు కాళ్లకేసి చూశాడు. చెప్పుల్లేవు.

"నకిలీ" అన్నాడు.

"మూత తీసి చూడండయ్యా."

"చూడక్కర్లేదు."

రెండోది మేడ కింద కొట్టు. కొట్టు వీరేశానిది. అంకాలు చీరకేసి చూశాడు. అన్నీ మాసికలే.

"నకిలీ. మీబోటివాళ్ల దగ్గరికి అసలుదెలా వస్తుంది?"

"మూత తీసి చూడండయ్యా."

"చూడక్కర్లేదు."

మూడోది మూల కొట్టు. కొట్టు గోవర్ధనానిది. అంకాలు చేతులకేసి చూశాడు. తెడ్డు పట్టి కాయలు కాసిన చేతులు.

"నకిలీ. కాదంటావా, దొంగసొత్తు. రెంట్లో ఏదో నువ్వే చెప్పు" అని నవ్వాడు.

"మూత తీసి చూడండయ్యా."

"చూడక్కర్లేదన్నానా!"

అంకాలుకి ఒళ్లు మండిపోయింది.

"కాళ్లు చూశారు. చీర చూశారు. చేతులు చూశారు. గడియారాన్ని ఒక్కడూ చూడలేదే! మీకు కళ్లెందుకయ్యా, అద్దాలు పెట్టుకోడానికా?"

నడివీధిలో చతికిలబడింది. "మూత తీసేదాకా లేవను."

జట్కాలు ఆగిపోయాయి. "లేవమ్మా, గుర్రం బెదురుతోంది" అన్నాడు ఒక జట్కావాడు.

"గుర్రానికున్న భయం వీళ్లకి లేదు నాయనా."

జనం మూగారు. "తీస్తే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని గోవర్ధనం మీద కేకలేశారు. అతను విసుక్కుంటూ పనిముట్టు తెచ్చి మూత తిప్పాడు. లోపలికి చూశాడు. గబుక్కున మూయబోయాడు.

జట్కావాడు వంగి చూశాడు. లోపల కంపెనీ ముద్ర. దాని పక్కన సూదితో గీకిన పేర్లు. గడియారం బాగు చేసినవాడు మూత లోపల తన పేరు గీకడం ఆ వీధి అలవాటు. జట్కావాడు గట్టిగా చదివాడు.

"పానకాలు. వీరేశం. గోవర్ధనం."

ముగ్గురూ బాగుచేసిందే! ఇంజనీరు దొర బాగుకి తెచ్చినప్పుడు ముగ్గురూ లేచి నిలబడి, రెండు చేతులా అందుకున్నదే!

"దొర చేతికుంటే అసలుదా? నా చేతికొస్తే నకిలీదా?" అంది అంకాలు. "ముగ్గురూ మా ఊరొచ్చి చెప్పండి. పోలయ్య అబద్ధమాడలేదని మా బావగారి ముందు చెప్పండి. వస్తామంటేనే లేస్తాను."

వెళ్లారు. వెళ్లక చస్తారా, వీధి వీధంతా వెనకాల నడుస్తుంటే! చెప్పారు. బావగారు తలెత్తలేదు.

"పాపం, వినడానికి పోలయ్య లేడే" అన్నారెవరో.

"ఆయనకి తెలుసు. వినాల్సింది మీరు" అంది అంకాలు.

అంకాలు పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. ఆ వీధిలో మాత్రం ఇప్పటికీ గడియారం ఎవరు తెచ్చినా, వాళ్ల కళ్లెదుటే ముందు మూత తీస్తారు. ఆ తర్వాతే మాట. ఎవడైనా మరిచిపోయి వచ్చినవాళ్ల కాళ్లకేసి చూశాడో, ఎదురు కొట్టులోంచి కేక వినిపిస్తుంది.

"ఓ అన్నా! అంకాలు ఇంకా లేవలేదు!"